గర్భిణికి యోని ఇన్ఫెక్షన్ పరీక్షలు: ఏది చేయించుకోవాలి, ఏది వదిలేయొచ్చు

ఐదో నెల గర్భిణి ఒకామె రిపోర్టు పట్టుకుని మా ల్యాబు కౌంటర్ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజు నాకింకా గుర్తుంది. యోని స్వాబ్ కల్చర్‌లో, అంటే దూదిపుల్లతో తీసిన స్రావంలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, ‘ఇ. కోలై పెరిగింది’ అని ఉంది. ఆమెకు దురద లేదు, మంట లేదు, వాసన లేదు. "ఎలాగూ వచ్చారు కదా, ఇది కూడా చూసేద్దాం" అని ఎవరో రాసిన పరీక్ష అది. మలద్వారానికి అంత దగ్గరగా ఉన్న చోట, పేగుల్లో ఉండే ఆ బ్యాక్టీరియా కాస్త కనబడటం వింతేమీ కాదు. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పటికే రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడింది. మళ్ళీ కల్చర్ చేయించుకుంటే మళ్ళీ అదే పెరిగింది.

స్లైడ్లు చదవడం నా పని. మందు రాయడం డాక్టర్ల పని, అందులో నేను వేలు పెట్టను. కానీ ఇన్నేళ్ళుగా రిపోర్టులు ఇచ్చాక నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ పరీక్ష కనబడినా ముందు ఇదే అడుగుతాను: ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తారు? అలా చేస్తే తల్లికో బిడ్డకో మేలు జరుగుతుందని ఎక్కడైనా తేలిందా? రెండో ప్రశ్నకు ‘అవును’ అని జవాబు వచ్చే పరీక్షలు కొన్నే ఉన్నాయి. వాటిని వదులుకోకూడదు. మిగతావాటికి డబ్బూ టెన్షనూ ఖర్చు పెట్టక్కర్లేదు.

లక్షణాలు ఉంటే లెక్క వేరు

ముందుగా ఒక గీత గీసుకోవాలి. ఇబ్బంది ఉండి చేయించుకునే పరీక్ష వేరు, ఏ ఇబ్బందీ లేకుండా ‘ఏమైనా దాక్కుని ఉందేమో’ అని వెతికే పరీక్ష వేరు. స్క్రీనింగ్ అనేది రెండోదాన్నే. దేశాల మధ్య, డాక్టర్ల మధ్య ఉన్న వాదనలన్నీ దాని గురించే. మొదటిదానిలో వాదనేమీ లేదు. ఇబ్బంది ఉంటే పరీక్ష చేయించుకోవాలి, ఏదైనా తేలితే మందు వాడాలి.

మరి ఇబ్బంది అంటే ఏమిటి? గర్భంతో ఉన్నప్పుడు తెల్లబట్ట పెరగడం మామూలే. హార్మోన్ల వల్ల, అక్కడికి రక్తప్రసరణ పెరగడం వల్ల, పల్చగా, తెల్లగా లేదా పాలరంగులో, పెద్దగా వాసన లేకుండా ఎక్కువగానే అవుతుంది. లోదుస్తులు రోజుకు రెండుసార్లు మార్చాల్సి వచ్చిందని పరీక్షకు పరుగెత్తక్కర్లేదు. దురద, మంట, నీచు వాసన, పసుపు లేదా ఆకుపచ్చ రంగు, మూత్రం పోసేటప్పుడు నొప్పి, కలిసినప్పుడు నొప్పి, ఇలాంటివి ఏవైనా ఉంటే అది మామూలు తెల్లబట్ట కాదు.

ఒక్క విషయంలో మాత్రం స్వాబ్ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. నీళ్ళలా కారుతూ ప్యాడ్ తడిసిపోతుంటే అది ఉమ్మనీరు కావచ్చు. రక్తం కనబడినా, జ్వరం వచ్చినా, నెలలు నిండకుండానే పొట్ట గట్టిపడుతూ నొప్పులు వస్తున్నా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదది.

లక్షణాలున్నవాళ్ళలో తరచూ బయటపడేవి మూడు. మొదటిది కాండిడా, అంటే ఈస్ట్ ఇన్ఫెక్షన్. విపరీతమైన దురద, విరిగిన పాల ముక్కల్లాంటి తెలుపు ఉంటాయి, వాసన పెద్దగా ఉండదు. రెండోది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. అందరూ బీవీ అంటారు, నేనూ అలాగే రాస్తాను. పల్చటి బూడిద రంగు స్రావం, నీచు వాసన దాని గుర్తులు. కలిసిన తర్వాత ఆ వాసన ఎక్కువవుతుంది. మూడోది ట్రైకోమోనాస్, లైంగికంగా అంటుకునే పరాన్నజీవి. పసుపు పచ్చటి నురగలాంటి స్రావం, మంట ఉంటాయి. పుస్తకంలో ఇలా మూడు ముక్కల్లో రాసేయొచ్చు గానీ, నిజంగా చూస్తే ఈ లక్షణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకేసారి రెండు ఉన్నవాళ్ళూ ఉంటారు. అందుకే రంగూ వాసనా చెబితే విని మందిచ్చే పద్ధతి కంటే, ఐదు నిమిషాలు పట్టే మైక్రోస్కోపు పరీక్ష ఎంతో నయం. పోయినసారి మిగిలిన క్రీమే మళ్ళీ రాసుకోవడం, మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం గర్భంతో ఉన్నప్పుడు మరీ పనికిరాదు. దురద అనగానే అందరికీ ఈస్టే గుర్తొస్తుంది, సగం సార్లు కారణం ఇంకోటి ఉంటుంది.

ఏ ఇబ్బందీ లేనప్పుడు బీవీ కోసం వెతకాలా?

ఎక్కువమందిని తికమక పెట్టేది ఈ ప్రశ్నే. కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మామూలుగా యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ చోటును పుల్లగా, పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 దాటకుండా ఉంచుతాయి. అవి తగ్గిపోయి గార్డ్‌నరెల్లా లాంటివీ, గాలి అక్కర్లేని రకాలూ పెరిగిపోతే దాన్నే బీవీ అంటారు. బయటినుంచి వచ్చి పడ్డ క్రిమి అనడం కంటే, ఉన్నవాటి మధ్య సమతూకం తప్పడం అనడమే సబబు. చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు.

బీవీ ఉన్న గర్భిణుల్లో నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పు దాదాపు రెట్టింపు ఉంటుందని పాత పరిశోధనల నుంచీ తెలుసు. అక్కడినుంచి ఆలోచన సూటిగా నడిచింది: అందరికీ పరీక్ష చేద్దాం, ఉన్నవాళ్ళకు మందిద్దాం, నెలలు తక్కువ కాన్పులు తగ్గుతాయి. వినడానికి ఎంత చక్కగా ఉందో! ఆచరణలో మాత్రం లెక్క తప్పింది.

2000లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, బీవీ ఉండి లక్షణాలు లేని 1953 మంది గర్భిణుల్లో కొందరికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 37 వారాల లోపు కాన్పులు మందు వాడినవాళ్ళలో 12.2 శాతం, వాడనివాళ్ళలో 12.5 శాతం. తేడా లేదన్నమాటే. మొదటి నెలల్లోనే మందిస్తే ఫలితం ఉంటుందేమో అన్నారు. ఫ్రాన్స్‌లో అదీ చూశారు. 14 వారాల లోపే 84 వేలమందికి పైగా గర్భిణులకు స్వాబ్ చేసి, బీవీ ఉన్నా వేరే ముప్పు లేని 2869 మందిని ఎంచుకుని కొందరికి క్లిండామైసిన్ అనే మరో యాంటీబయాటిక్, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. గర్భం మధ్యలో పోవడం గానీ, మరీ ముందుగా కాన్పు అవడం గానీ తగ్గలేదు. మందు తీసుకున్నవాళ్ళలో విరేచనాలు, కడుపునొప్పి మాత్రం పెరిగాయి.

దీనికి ఎదురుగా నిలబడేది వియన్నాలో జరిగిన అధ్యయనం. 2004లో వెలువడింది. 15 నుంచి 20 వారాల మధ్య ఉన్న నాలుగు వేలమందికి పైగా గర్భిణులకు ఒకే స్వాబ్‌తో బీవీ, ట్రైకోమోనాస్, కాండిడా మూడూ చూసి, దొరికినదానికి తగ్గ మందిచ్చారు. నెలలు నిండని కాన్పులు 5.3 శాతం నుంచి 3 శాతానికి తగ్గాయి. అందరికీ స్క్రీనింగ్ చేయాలని వాదించేవాళ్ళు ఎప్పుడూ దీన్నే చూపిస్తారు. చిన్న తేడా కాదు, కొట్టిపారేయడానికీ లేదు. కానీ తర్వాత అంతకంటే పెద్దగా జరిగిన ఫ్రాన్స్ అధ్యయనం పక్కన పెట్టి చూస్తే, ఒక్క వియన్నాను నమ్ముకుని అందరికీ పరీక్ష చేయడం నాకు సరిగా తోచదు.

అమెరికాలో నివారణ పరీక్షలను తూచి చెప్పే నిపుణుల బృందం 2020లో చెప్పిందీ అదే. నెలలు తక్కువ కాన్పు ముప్పు లేని గర్భిణికి, లక్షణాలు లేనప్పుడు బీవీ పరీక్ష చేయొద్దు అంది. ముప్పు ఉన్నవాళ్ళకు, అంటే ముఖ్యంగా ఇంతకుముందు నెలలు తక్కువ కాన్పు అయినవాళ్ళకు, చేయాలనీ వద్దనీ తేల్చేంత ఆధారం లేదంది.

కాబట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. తొలి కాన్పు, ఆరోగ్యంగా ఉన్నారు, ఏ ఇబ్బందీ లేదు అనుకుంటే ఈ పరీక్ష అక్కర్లేదు. ఇదివరకు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కాన్పు అయిపోయినా, ఐదో నెలలో గర్భం పోయినా డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి. కొందరు డాక్టర్లు పరీక్ష చేస్తారు, కొందరు చేయరు. ఇద్దరి దగ్గరా కారణాలు ఉంటాయి. అయితే అలాంటివాళ్ళకు గర్భాశయ ద్వారం పొడవు స్కానింగ్‌లో చూడటం లాంటి వేరే పనులు ఉంటాయి, వాటిని అడగడం మర్చిపోకూడదు. స్వాబ్ ఒక్కటీ చేయించుకుని నిశ్చింతగా ఉండిపోవడం ప్రమాదం.

ట్రైకోమోనాస్ కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2001లో వచ్చిన అధ్యయనంలో లక్షణాలు లేని 617 మందిలో మందు తీసుకున్నవాళ్ళకు నెలలు తక్కువ కాన్పులు 19 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళకు 10.7 శాతం. అంటే మందు వాడినవాళ్ళలోనే ఎక్కువ. అప్పుడు వాడిన మోతాదు ఇప్పటి పద్ధతి కాదు, ఒకేసారి రెండు గ్రాముల చొప్పున పదేపదే ఇచ్చారు. అందుకని లక్షణాలున్నవాళ్ళు భయపడి మందు మానేయకూడదు. కానీ ‘దొరికిందల్లా చంపేస్తే మంచిదే కదా’ అనే మాట అన్నిసార్లూ నిజం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎయిడ్స్ వైరస్ ఉన్న గర్భిణులకు మాత్రం లక్షణాలు లేకపోయినా మొదటి విజిట్‌లోనే ట్రైకోమోనాస్ చూడమని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి.

కాండిడా గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గర్భిణుల్లో చాలామంది యోనిలో అది ఊరికే ఉంటుంది. దురద లేకపోతే రిపోర్టులో కనబడినా దాని జోలికి పోనక్కర్లేదు.

జీబీఎస్: చివరి నెలలో వచ్చే అసలు ప్రశ్న

గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, పొట్టిగా జీబీఎస్. నూటికి 10 నుంచి 30 మంది గర్భిణుల పేగుల్లో, యోనిలో ఇది ఉంటుంది. తల్లికి సాధారణంగా ఏమీ చేయదు. కానీ కాన్పు సమయంలో బిడ్డకు అంటుకుంటుంది. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే జీబీఎస్ ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో సగం మందికి అది చేరుతుంది, నూటికి ఒకరిద్దరికి మొదటి వారంలోనే రక్తంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మెదడు పొరల వాపు లాంటివి వస్తాయి. శాతం చిన్నదే. వచ్చిన బిడ్డకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

బీవీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. పాజిటివ్ వస్తే ఏం చేయాలో తెలుసు, అది పనిచేస్తుందనీ తెలుసు. నొప్పులు మొదలైనప్పటి నుంచి కాన్పు అయ్యేదాకా నరానికి పెన్సిలిన్ ఇస్తారు. కాన్పుకు కనీసం నాలుగు గంటల ముందు మొదటి మోతాదు పడితే మంచిది. అమెరికాలో 1990ల మొదట్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఒకటిన్నర మందికి పైగా బిడ్డలకు వచ్చే ఈ తొలి వారం జబ్బు, ఇప్పుడు అందులో పావు వంతు కూడా లేదు.

అయినా దేశాలు ఒక్క దారిలో లేవు. అమెరికాలో 36, 37 వారాల్లో ప్రతి గర్భిణికీ స్వాబ్ చేస్తారు. బ్రిటన్‌లో అందరికీ చేయరు, ముప్పు ఉన్నవాళ్ళను చూసి కాన్పులో మందిస్తారు. ఆ ముప్పులు ఇవి: ముందటి బిడ్డకు జీబీఎస్ జబ్బు రావడం, ఈ గర్భంలో ఎప్పుడైనా మూత్రంలో అది కనబడటం, 37 వారాల లోపే నొప్పులు రావడం, కాన్పు సమయంలో జ్వరం. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడాన్ని కూడా చాలాచోట్ల ఈ లెక్కలో వేస్తారు.

రెండు వైపులా న్యాయం ఉంది. అందరికీ పరీక్ష చేస్తే, ఏ ముప్పూ కనబడని తల్లిలో ఉన్న జీబీఎస్ కూడా దొరుకుతుంది. ముప్పుల జాబితాను మాత్రమే నమ్ముకుంటే అలాంటి బిడ్డలు జారిపోతారు. ఇంకోవైపు, 36వ వారంలో పాజిటివ్ ఉన్నామెకు కాన్పు నాటికి అది పోయి ఉండొచ్చు, నెగటివ్ ఉన్నామెకు కొత్తగా రావొచ్చు. అందుకే ఈ రిపోర్టును ఐదు వారాలకు మించి నమ్మరు. ఒక బిడ్డను కాపాడటానికి వందల మంది తల్లులకు యాంటీబయాటిక్ ఎక్కించాల్సి వస్తుందన్నది బ్రిటన్ వైపు వాదన.

నన్నడిగితే, పరీక్ష అందుబాటులో ఉన్నచోట చేయించుకోవడం వైపే మొగ్గుతాను. స్వాబ్ చిన్నది, నొప్పి ఉండదు, మందు పాతది, బాగా తెలిసినది. అయితే రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి మీ ఆసుపత్రి గట్టిగా పాటిస్తోందా లేదా అన్నది అంతకంటే ముఖ్యం. "మీ దగ్గర జీబీఎస్ అందరికీ చూస్తారా, ముప్పును బట్టి మందిస్తారా?" అని ఎనిమిదో నెలలోనే అడగండి. రెండూ కాదంటే అప్పుడు ఆలోచించాలి.

కొందరికి ఈ స్వాబ్ అసలు అవసరమే లేదు. ముందటి బిడ్డకు జీబీఎస్ జబ్బు వచ్చినా, ఈసారి మూత్రం కల్చర్‌లో జీబీఎస్ పెరిగినా, ఏ పరీక్షా లేకుండానే కాన్పులో మందిస్తారు. పోయిన గర్భంలో ఉత్తినే పాజిటివ్ వచ్చి బిడ్డకు ఏమీ కాకపోతే, ఈసారి మళ్ళీ ఉండే అవకాశం సగానికి సగం. మళ్ళీ పరీక్ష చేసి చూసుకోవచ్చు, నేరుగా కాన్పులో మందు తీసుకోవచ్చు. బ్రిటన్‌లో ఈ రెండు దారులూ ఆమె ముందు పెడతారు.

పాజిటివ్ రాగానే మాత్రలు మింగడం మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు. దానివల్ల ఉపయోగం లేదు. ఇప్పుడు పోయినట్టు కనబడినా కాన్పు నాటికి మళ్ళీ వచ్చేస్తుంది. మందు అవసరం నొప్పుల వేళే. నొప్పులు రాకుండా, ఉమ్మనీరు పోకుండా ముందే అనుకుని చేసే సిజేరియన్‌కు జీబీఎస్ మందు అక్కర్లేదు. అయినా పరీక్ష చేయించుకుని ఉంచుకోవడం మేలు, అనుకున్న తేదీ కంటే ముందే నొప్పులు రావని ఎవరు చెప్పగలరు?

కాన్పు గదిలోనే గంట, రెండు గంటల్లో ఫలితం చెప్పే పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష) యంత్రాలు ఇప్పుడు కొన్నిచోట్ల ఉన్నాయి. ఆ రోజు ఉందా లేదా అన్నది చెప్పడంలో అది కల్చర్ కంటే మెరుగు. కానీ కాన్పు త్వరగా అయ్యేవాళ్ళకు సమయం చాలదు. పైగా ఏ మందుకు లొంగుతుందో అది చెప్పదు. పెన్సిలిన్ పడనివాళ్ళకు ఆ సమాచారం చాలా అవసరం. అలాంటివాళ్ళు 36వ వారంలో కల్చరే చేయించుకోవాలి, స్వాబ్ ఇచ్చేటప్పుడే ‘పెన్సిలిన్ పడదు’ అని చీటీ మీద రాయించాలి. ఆ ఒక్క మాట లేకపోతే ఏ మందుకు లొంగుతుందో ల్యాబు చూడకుండానే రిపోర్టు ఇచ్చేస్తుంది. మా దగ్గర అలా జరగడం నేను చూశాను. అది తెలిసేసరికి క్రిములు పెరిగిన ప్లేటు పారేశాం.

క్లామిడియా, గనేరియా: మొహమాటం పక్కన పెట్టాల్సిన చోటు

ఈ రెండూ లక్షణాలు లేకుండా దాక్కునే రకాలు. క్లామిడియా అయితే మరీను. కాన్పులో బిడ్డ కళ్ళకు అంటుకుంటాయి. క్లామిడియా వల్ల బిడ్డకు న్యుమోనియా కూడా రావొచ్చు. మందుతో నయమవుతాయి కాబట్టి నా రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు ‘అవును’. 25 ఏళ్ళ లోపు గర్భిణులందరికీ, అంతకంటే పెద్దవాళ్ళలో ముప్పు ఉన్నవాళ్ళకు మొదటి విజిట్‌లోనే చూడాలని అమెరికా మార్గదర్శకం. ముప్పు అంటే కొత్త భాగస్వామి, ఒకరికి మించి భాగస్వాములు, భాగస్వామికి వేరే సంబంధాలు లేదా ఇన్ఫెక్షన్ ఉండటం. ఈ ప్రశ్నలు అడగడానికి డాక్టరూ, చెప్పడానికి గర్భిణీ ఇద్దరూ ఇబ్బంది పడతారు. పక్కన అత్తగారో భర్తో కూర్చుని ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. డాక్టర్‌తో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడాలని అడగడంలో తప్పు లేదు.

ఈ పరీక్ష పీసీఆర్ పద్ధతిలోనే చేయాలి. మైక్రోస్కోపులో క్లామిడియా కనబడదు. స్వాబ్‌ను మీరే తీసుకోవచ్చు, డాక్టర్ తీసినదానితో సమానంగా పనిచేస్తుంది. మూత్రంతోనూ చేయొచ్చు గానీ ఆడవాళ్ళలో యోని స్వాబ్ కాస్త మెరుగు. పాజిటివ్ వస్తే భర్తకు కూడా వైద్యం కావాలి, లేకపోతే మళ్ళీ అంటుకుంటుంది. సిఫిలిస్, ఎయిడ్స్ వైరస్, హెపటైటిస్ బి పరీక్షలు వేరు, అవి రక్త పరీక్షలు. స్వాబ్ చేయించుకున్నాం కదా అని వాటిని వదలకూడదు.

మాటలో మాట, మూత్రం కల్చర్ గురించి. ఇది యోని పరీక్ష కాదు, కానీ లక్షణాలు లేకపోయినా గర్భం మొదట్లో ఒకసారి చేయించుకోదగ్గది. మంట లేకుండానే మూత్రంలో పెరిగే బ్యాక్టీరియాకు మందిస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్ తగ్గుతుంది. ఒకేసారి ఎన్నో క్రిములను చూసే ఖరీదైన యోని ప్యానెల్ చేయించుకుని దీన్ని మర్చిపోయినవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏ పద్ధతి పరీక్ష దేనికి పనికొస్తుంది

చీటీలో ‘స్వాబ్’ అని ఒక్క మాటే ఉంటుంది. దాని వెనుక నాలుగైదు రకాల పరీక్షలు ఉంటాయి.

తడి స్లైడు అన్నిటికంటే చవక, తొందర. ఒక చుక్క సెలైన్‌లో కలిపి వెంటనే మైక్రోస్కోపు కింద పెడతాం. బీవీ ఉంటే యోని కణాల అంచులు ఇసుక చల్లినట్టు చుక్కలతో కప్పుకుపోయి కనబడతాయి, వాటిని క్లూ సెల్స్ అంటాం. ట్రైకోమోనాస్ తోకలు ఆడిస్తూ తుళ్ళుతూ కదులుతుంది. చిక్కేమిటంటే, స్లైడు చల్లారితే అది కదలడం మానేస్తుంది, ఆగిపోతే తెల్ల రక్తకణంలా కనబడుతుంది. స్వాబ్ తీసిన గంటకు ల్యాబుకు చేరితే మేమూ దాన్ని పట్టుకోలేం. అన్నీ సరిగా ఉన్నా తడి స్లైడులో దొరికేవి సగం నుంచి మూడింట రెండు వంతులే. అందుకే ట్రైకోమోనాస్ అనుమానం గట్టిగా ఉంటే పీసీఆర్ అడగాలి.

బీవీకి రెండు పాత పద్ధతులు ఇంకా గట్టిగా నిలబడ్డాయి. ఒకటి 1983 నాటి ఆమ్సెల్ పద్ధతి: పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే నీచు వాసన, క్లూ సెల్స్. నాలుగింట్లో మూడుంటే బీవీ. రెండోది 1991లో వచ్చిన న్యూజెంట్ స్కోరు: గ్రామ్ రంగు వేసిన స్లైడులో బ్యాక్టీరియా ఆకారాలు లెక్కపెట్టి 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తాం. 7, ఆపైన వస్తే బీవీ. మొదటిది డాక్టర్ గదిలోనే తేలిపోతుంది, రెండోదానికి చేయి తిరిగిన మనిషి కావాలి. రిపోర్టులో న్యూజెంట్ అంకె ఉంటే నాకు నమ్మకం ఎక్కువ. కల్చర్‌లో గార్డ్‌నరెల్లా పెరిగిందని బీవీ అనేయడం మాత్రం తప్పు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ అది పెరుగుతుంది. గర్భాశయ ద్వారం క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్‌లో బీవీ ఉందనో లేదనో రాసినా దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

ఒకే స్వాబ్‌తో పది పదిహేను క్రిములు చూసే పెద్ద పీసీఆర్ ప్యానెల్స్ ఇప్పుడు ఫ్యాషన్. వాటిలో యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా హోమినిస్ లాంటివి తప్పకుండా ఉంటాయి. ఇవి ఏ జబ్బూ లేని ఆడవాళ్ళలో కూడా చాలామందికి ఉంటాయి కాబట్టి లక్షణాలు లేనివాళ్ళలో వాటికోసం వెతకొద్దని యూరప్ నిపుణులు స్పష్టంగానే చెప్పారు. ఎన్ని గడులుంటే అన్ని చోట్ల ‘పాజిటివ్’ పడే అవకాశం. నేను చూసినంతలో ఈ ప్యానెల్స్ వల్ల ఎక్కువగా పెరిగింది నిద్రలేని రాత్రులే. అందులో నిజంగా కావలసిన రెండు మూడు పరీక్షలను విడిగా చేయించుకోవడం మేలు.

ఇంట్లో చేసుకునే పీహెచ్ పట్టీలు, వేలికి తొడుక్కునే తొడుగులు చూడటానికి తేలికగా ఉంటాయి. అంకె పెరిగితే ఏదో తేడా ఉందని చెబుతాయే తప్ప ఏమిటో చెప్పవు. వీర్యం, రక్తం, గర్భాశయ ద్వారం దగ్గరి జిగురు, వీటిలో ఏది తగిలినా అంకె పెరుగుతుంది. ఉమ్మనీరు తగిలినా పెరుగుతుంది, అందువల్ల పట్టీ రంగు మారి తడి కూడా ఉంటే అది ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంకేతం. కాండిడాలో పీహెచ్ మామూలుగానే ఉంటుంది, కాబట్టి దురద పుడుతూ పట్టీ బాగుందంటే ఏమీ లేదని కాదు.

శాంపిల్ ఇచ్చే ముందు

ఒకటి రెండు రోజుల ముందు నుంచీ యోనిలో క్రీములు, బిళ్ళలు పెట్టకుండా, కలవకుండా ఉంటే ఫలితం నిక్కచ్చిగా వస్తుంది. లోపలికి నీళ్ళు కొట్టి కడగడం ఎప్పుడూ వద్దు, పరీక్ష ముందు అసలే వద్దు. డాక్టర్ స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి చూడటం వల్ల గర్భానికి హాని ఉండదు. మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో చెప్పి ఉంటే, రక్తం పోతూ ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. జీబీఎస్ స్వాబ్‌కు స్పెక్యులమ్ అక్కర్లేదు. యోని మొదట్లో ఒకసారి తిప్పి, అదే పుల్లను మలద్వారం లోపల తిప్పాలి. రెండో భాగం సిగ్గుపడి వదిలేస్తే పరీక్ష సగమే చేసినట్టు. మీరే తీసుకోవచ్చు, ఎలాగో నర్సు చెబుతుంది.

పాజిటివ్ వచ్చాక

బీవీకి లక్షణాలుంటే మెట్రోనిడజోల్ మాత్రలు ఏడు రోజులు, లేదా యోనిలో పెట్టే మెట్రోనిడజోల్ జెల్, క్లిండామైసిన్ క్రీమ్. గర్భంతో ఉన్నవాళ్ళకు మెట్రోనిడజోల్ వల్ల బిడ్డకు అవకరాలు వస్తాయన్న పాత భయాన్ని తర్వాతి పరిశోధనలు సమర్థించలేదు. వికారం ఎక్కువగా ఉన్నవాళ్ళకు జెల్ సుఖం. ట్రైకోమోనాస్‌కు మాత్రం జెల్ పనిచేయదు, మాత్రలే వాడాలి, భర్త కూడా వాడాలి. టినిడజోల్ గర్భంతో ఉన్నప్పుడు వద్దు. కాండిడాకు క్లోట్రిమజోల్ లాంటివి ఏడు రోజులు లోపల పెట్టుకోవడం సరైన దారి. ఒక్క మాత్రతో అయిపోయే ఫ్లూకొనజోల్ ఎంత సుఖంగా అనిపించినా గర్భిణులు దాన్ని మానుకోవాలి, గర్భస్రావంతో సంబంధం ఉందన్న అనుమానాలు ఉన్నాయి. బోరిక్ ఆమ్లం బిళ్ళలూ వద్దు.

తగ్గిందో లేదో మళ్ళీ చూడటంలో కూడా తేడాలున్నాయి. బీవీ, కాండిడా లక్షణాలు పోతే మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. క్లామిడియాకు నాలుగు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలలకు మరోసారి చూడాలి. నాలుగు వారాల కంటే ముందే పీసీఆర్ చేస్తే చచ్చిన క్రిముల అవశేషాలకే పాజిటివ్ చూపించి ఊరికే కంగారు పెడుతుంది. ట్రైకోమోనాస్‌కు మూడు నెలలకు. జీబీఎస్ పాజిటివ్ రిపోర్టు కాపీ ఒకటి ఆసుపత్రికి సర్దుకునే సంచిలో పైనే పెట్టుకోండి. నొప్పులు అర్ధరాత్రి మొదలైతే డ్యూటీలో ఉండేది మిమ్మల్ని తొమ్మిది నెలలూ చూసిన డాక్టర్ కాకపోవచ్చు, సంచి తెచ్చే మనిషికి కూడా ఆ కాగితం ఎక్కడుందో తెలిసి ఉండాలి.